వెన్నుపూసను తొలిచే నరం గడ్డ: ఆగాలా, ఆపరేషనా, రేడియేషనా?

నడుం నొప్పి అని వెళ్తే ఎంఆర్ఐ తీయించారు. రిపోర్టులో నెర్వ్ షీత్ ట్యూమర్ (నరం తొడుగులో గడ్డ) అని, వెన్నుపూస ఎముక కొంత తినేసిందని రాసిచ్చారు. ఒక డాక్టరు గారు వెంటనే ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు ఆర్నెల్లు చూద్దాం అన్నారు, హైదరాబాదులో ఉన్న చుట్టం ఎవరో సైబర్‌నైఫ్ అనే రేడియేషన్ యంత్రం గురించి వీడియో పంపించాడు, ఇంట్లో పెద్దవాళ్ళేమో వెన్ను మీద కత్తి పడితే ఇక మంచమే అంటున్నారు. ఇన్ని మాటల మధ్య ఎటూ తేల్చుకోలేక కూర్చున్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను పాలకొల్లు దగ్గర ఫిజియోథెరపీ చేస్తాను. ఆపరేషన్‌కి ముందు కాలు ఈడ్చుకుంటూ వచ్చినవాళ్ళనీ, అయ్యాక మళ్ళీ నడక పట్టుకోవడానికి వచ్చినవాళ్ళనీ చూస్తుంటాను. గడ్డ తీయాలా వద్దా అని చెప్పాల్సింది న్యూరో సర్జనే, నేను కాదు. కానీ ఆయన ముందు కూర్చునేటప్పటికి మీకు ఏం అడగాలో తెలిసి ఉండాలి. అందరూ మొదట అడిగేది "గడ్డ ఎంత సైజు ఉందండి?" అని. సైజు ఒక్కటీ పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దు. నరం ఎంత నలిగింది, ఎముక ఎంత మిగిలింది, గడ్డ ఏ జాతిదో కచ్చితంగా తేలిందా అన్నవే దారి తేలుస్తాయి. నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఏ ఇబ్బందీ పెట్టకుండా ఏళ్ళ తరబడి ఉండొచ్చు, రెండు సెంటీమీటర్లది మూత్రం ఆపేయొచ్చు.

ముందు గడ్డ సంగతి

నరం చుట్టూ ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగులోని ష్వాన్ కణాలు పెరిగి గడ్డ కడితే ష్వానోమా అంటారు. ఇది నరాన్ని ఒక పక్కకి నెట్టి పెరుగుతుంది. నరం పోగుల మధ్యే కలిసిపోయి పెరిగేది న్యూరోఫైబ్రోమా. ఈ రెండూ క్యాన్సర్ కావు. మూడోది ఎంపీఎన్ఎస్‌టీ, అది క్యాన్సరే, కానీ చాలా తక్కువ మందిలో వస్తుంది.

వెన్ను కాలువలో ష్వానోమా రావడం మరీ వింత కాదు. వెన్నుపాము పొర లోపల వచ్చే గడ్డల్లో పావు వంతు, ఆ పైన ఈ జాతివే. అరుదైనది ఏమిటంటే అది ఎముకలోకి దిగడం. ఎముకలో పుట్టే గడ్డలన్నిటినీ కలిపి చూస్తే ష్వానోమాలు 1 శాతం కూడా ఉండవు. అవి ఎక్కువగా కనిపించేది కింది దవడ ఎముకలో, త్రికాస్థిలో, అంటే నడుము కింద తుంటి ఎముకల మధ్య ఉండే ఎముకలో. మిగతా వెన్నుపూసల్లో ఇంకా తక్కువ.

ఎముక దెబ్బ తినే తీరు కూడా ఒకటి కాదు. గడ్డ బయట పుట్టి, ఏళ్ళ తరబడి ఒత్తి ఒత్తి ఎముకని అరగదీయొచ్చు. ఎముకలోకి రక్తనాళం, సన్న నరం వెళ్ళే చిన్న రంధ్రంలో పుట్టి అటూ ఇటూ డంబెల్‌లా ఉబ్బొచ్చు. లేదా నేరుగా ఎముక నడిమధ్యలోనే పుట్టొచ్చు. ఎక్కువమందికి జరిగేది మొదటిదే, అందుకే సీటీ స్కాన్‌లో ఆ అంచు గోదారి లంక గట్టుని కోసినట్టు నున్నగా, వంపుగా, చుట్టూ సన్నటి తెల్ల గీతతో కనిపిస్తుంది. క్యాన్సర్ తిన్న ఎముక అంచు సాధారణంగా చిందరవందరగా ఉంటుంది. ఈ తేడా ఎంఆర్ఐ కంటే సీటీలో బాగా తెలుస్తుంది కాబట్టి, ఎంఆర్ఐ ఒక్కటే తీసి ఆపరేషన్ మాట ఎత్తితే "ఎముకకి సీటీ అక్కర్లేదా అండీ?" అని అడగండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

*నరం.* నొప్పి వేరు, బలం తగ్గడం వేరు. నొప్పి ఎంత ఉన్నా బలం బాగుంటే ఆలోచించుకోవడానికి టైమ్ ఉన్నట్టే. నా దగ్గరికి అంబాజీపేట వైపు నుంచి కొబ్బరి దింపు తీసే ఆయన ఒకాయన వచ్చారు. నొప్పి తగ్గిందని సంతోషంగా ఉన్నారు. "కాలు బాగానే ఉందండీ, ఆయ్, చెప్పే జారిపోతంది" అన్నారు. మడమల మీద నిలబడి నాలుగు అడుగులు వేయమన్నాను. కుడి పాదం ముందు భాగం పైకి లేవలేదు, నేలకి టప్పున కొట్టుకుంది. బొటనవేలు నా వేలుకి ఎదురు నెట్టమంటే నెట్టలేకపోయారు. నొప్పి తగ్గింది కదా అని అక్కడ సంబరపడటానికి లేదు, నరం పని తగ్గిపోతోంది. మీరు ఇంట్లోనే రోజూ మడమల మీద, తర్వాత మునివేళ్ళ మీద నడిచి చూసుకోవచ్చు. నిన్నటికీ ఇవాల్టికీ తేడా కనిపిస్తే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగొద్దు.

కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం లేదా ఎంత ముక్కినా రాకపోవడం, విరేచనం ఆపుకోలేకపోవడం, రెండు కాళ్ళూ ఒకేసారి పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక పోలికలు, సలహాలు పక్కన పెట్టి ఆ పూటే న్యూరో సర్జరీ ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. మిగతా వ్యాసం మొత్తం అవి లేనివాళ్ళ కోసమే.

*ఎముక.* వెన్నుపూస ముందు భాగం శరీరం బరువు మోస్తుంది, వెనక ఉండే కీళ్ళు అది జారకుండా పట్టి ఉంచుతాయి. గడ్డ వీటిలో దేన్ని ఎంత తినేసిందో తెలియాలి. పడుకుంటే తగ్గి, లేచి కూర్చుంటే పెరిగే నొప్పి ఎముక బలహీనతని సూచించవచ్చు. అదే పడుకుంటే ఎక్కువై, రాత్రి నిద్ర లేపి కూర్చోబెట్టే నొప్పి గడ్డ వల్ల వచ్చేదానికి గుర్తు. ఈ రెండో రకం నొప్పిని మన దగ్గర నరం పట్టేసిందనో, గ్యాస్ అనో, చలిగాలి అనో చాలా రోజులు నెట్టుకొస్తారు.

*పేరు.* దీనికి కింద విడిగా చోటిస్తాను, చాలా తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి.

*చోటు.* మెడలో అయితే మెదడుకి రక్తం తీసుకెళ్ళే వెర్టిబ్రల్ ధమని పక్కనే ఉంటుంది. ఛాతీ వెనక అయితే గడ్డ సగం ఊపిరితిత్తి వైపు ఉండొచ్చు. త్రికాస్థిలో అయితే మూత్రానికి, విరేచనానికి, సంసార జీవితానికి సంబంధించిన నరాలన్నీ అక్కడే ఉంటాయి. ఒకే గడ్డ, ఒకే సైజు, చోటు మారితే ఆపరేషన్ మారిపోతుంది.

*మనిషి.* వయసు, షుగర్, గుండె, చేసే పని, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరు అన్నవి. వీటిని డాక్టర్లు అడగకపోయినా మీరే చెప్పాలి.

పేరు తేలకుండా మందు మొదలు పెట్టొద్దు

మన దేశంలో వెన్నుపూస తినేసినట్టు కనిపిస్తే మొదట అనుమానం వెళ్ళేది టీబీ మీదికే, అది న్యాయమే, ఎందుకంటే వెన్ను టీబీ ఇక్కడ చాలా ఎక్కువ. వేరే చోట పుట్టిన క్యాన్సర్ ఎముకకి పాకడం, త్రికాస్థిలో అయితే కార్డోమా అనే ఎముక క్యాన్సర్, జెయింట్ సెల్ ట్యూమర్ అనే ఎముక గడ్డ, ఇవన్నీ కూడా లైన్లో ఉంటాయి. టీబీ సాధారణంగా రెండు వెన్నుపూసల మధ్య డిస్క్‌ని కూడా పాడుచేస్తుంది, చీము చేరుతుంది. నరం గడ్డలో డిస్క్ చాలావరకు బాగుంటుంది, నరం బయటికి వచ్చే రంధ్రం వెడల్పవుతుంది. కానీ ఫిల్మ్ చూసి ఊహించడం ఒకటి, తేల్చడం ఇంకొకటి. వెన్ను టీబీ మందులు ఏడాది, అంతకు పైన కూడా వాడాలి. పరీక్ష లేకుండా అవి మొదలు పెట్టేస్తే గడ్డ తన పని తాను చేసుకుపోతుంది, మీరు మాత్రం మందు పని చేస్తుందేమో అని ఎదురు చూస్తూ ఉంటారు.

తేల్చేది బయాప్సీ. ఎముక తిన్న గడ్డలకి సీటీలో చూస్తూ సూదితో చిన్న ముక్క తీస్తారు. నరం గడ్డని సూది తాకినప్పుడు ఆ నరం వెళ్ళే కాల్లోకో చేతిలోకో కరెంటు కొట్టినట్టు ఉండొచ్చు, అది ముందే తెలిస్తే భయపడరు. ఆ ముక్కని ఎస్-100, సాక్స్-10 అనే రంగు పరీక్షలు చేస్తే ష్వాన్ కణాలది అవునో కాదో తెలుస్తుంది. టీబీ అనుమానం కూడా ఉంటే అదే ముక్కలో కొంత సీబీనాట్ అనే టీబీ పరీక్షకి పంపమని ముందుగానే అడగండి, ముక్క మొత్తం పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసేశాక ఆ దారి కష్టం.

అందరికీ బయాప్సీ కావాలా అంటే, వద్దు. వెన్నుపాము పొర లోపలే ఉండి, స్కాన్‌లో స్పష్టంగా ష్వానోమాలా కనిపించి, ఎలాగూ తీయాల్సిన గడ్డకి నేరుగా ఆపరేషన్ చేసి ముక్క పంపిస్తారు. బయాప్సీ తప్పనిసరి అనిపించేది ఎముక బాగా పోయినప్పుడు, త్రికాస్థిలో ఉన్నప్పుడు, నెలల్లోనే పెరిగినప్పుడు. త్రికాస్థి గడ్డకి సూది వెనక నుంచే వెళ్ళాలి, మలద్వారం లోపలి నుంచి తీయకూడదు. ఒకవేళ అది కార్డోమా అయితే సూది వెళ్ళిన దారంతా గడ్డ కణాలు పడొచ్చు, తర్వాత ఆ దారి కూడా కోసి తీయాల్సి వస్తుంది. కాబట్టి బయాప్సీ ఎవరు చేసినా, ఆపరేషన్ చేయబోయే సర్జన్‌తో మాట్లాడాకే చేయించుకోండి.

ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు ఆరో, అంతకన్నా ఎక్కువో ఉన్నా, చర్మం మీద మెత్తటి బుడిపెలు ఉన్నా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా చొక్కా విప్పి చూపించండి. సుమారు 3,000 మందిలో ఒకరికి ఉండే ఎన్ఎఫ్-1 (న్యూరోఫైబ్రోమటోసిస్) అనే జన్యు సమస్య అది కావొచ్చు. వాళ్ళలో న్యూరోఫైబ్రోమాలు ఎక్కువ, జీవితకాలంలో సుమారు 10 శాతం మందిలో క్యాన్సర్ రకం రావొచ్చు. ఇంకో చిక్కు, ఎన్ఎఫ్-1 వాళ్ళకి గడ్డ ఏమీ లేకుండానే వెన్నుపూస వెనక భాగం లోపలికి వంపు తిరిగి ఉండొచ్చు. అది తెలియక ఎముక తినేసిందని కంగారు పడిపోతారు.

మొదటి దారి: ఆగి చూడటం

వేరే దేనికో స్కాన్ తీస్తే అనుకోకుండా గడ్డ కనిపించింది, బలం తగ్గలేదు, ఎముక గట్టిగానే ఉంది, ష్వానోమా అని డాక్టర్లు నమ్మకంగా ఉన్నారు. ఇలాంటివాళ్ళకి ఆగడం మంచి వైద్యమే, నిర్లక్ష్యం కాదు. ష్వానోమా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. ఆర్నెల్లకి ఒక ఎంఆర్ఐ, పెరగకపోతే ఏడాదికి ఒకటి.

అయితే ఆగడం అంటే వాయిదా తేదీ రాసుకుని ఆగడం. డెల్టాలో నేను చూసేది ఏంటంటే, నొప్పి తగ్గగానే ఫైలు బీరువా మీదికి వెళ్ళిపోతుంది, నాట్లు అనో, చెరువు పట్టుబడి అనో, పిల్ల పెళ్ళి అనో రెండో స్కాన్ వెనక్కి జరిగిపోతూ ఉంటుంది. రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి వచ్చి స్కాన్ తీయించుకోవడం ఒక పూట పని, ఆ పూట కేటాయించలేం అనుకుంటే ఈ దారి మీకు సరిపడదు. ఎముక తినడం ఇప్పటికే మొదలైతే కూడా నా మనసు ఈ దారి వైపు మొగ్గదు, ఎందుకంటే గడ్డ పెరిగేకొద్దీ పోయిన ఎముకే ఆపరేషన్‌ని పెద్దది చేస్తుంది.

ఆగేటప్పుడు చేయకూడనివి రెండు. నడుం తొక్కించుకోవడం, మెడ విరిపించుకోవడం. నడుమునో మెడనో బరువు కట్టి లాగే ట్రాక్షన్ కూడా అంతే, తిని పోయిన ఎముక మీద లాగడం ప్రమాదం, స్కాన్ చూడకుండా ఎవరైనా ట్రాక్షన్ పెడతానంటే వద్దని చెప్పండి.

రెండో దారి: ఆపరేషన్

ఇక్కడ ఎక్కువ సేపు ఆగుదాం, ఎందుకంటే ఆపరేషన్ అని అందరూ అనేది ఒకటే ఆపరేషన్ కాదు.

క్యాన్సర్ కాని గడ్డని ముక్కలు ముక్కలుగా తీసినా ఫర్వాలేదు. గడ్డ పొరని తెరిచి, లోపలిది తోడేసి, కుంగిన పొరని చివర్లో తీస్తారు. దీని వల్ల చుట్టూ ఉన్న నరాలు బతుకుతాయి. అదే ఎంపీఎన్ఎస్‌టీ అయితే చుట్టూ మంచి కండతో సహా ఒకే ముక్కగా తీయాలి, నరం పోయినా సరే. పేరు ముందే తేలాలి అని పైన అంతగా చెప్పింది ఇందుకే. రెండు జబ్బులకీ చేసే ఆపరేషన్లు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

గడ్డ పుట్టిన నరం వేరుని, అంటే వెన్నుపాము నుంచి నరం మొదలయ్యే భాగాన్ని, కోసేయాల్సి వస్తే ఏమవుతుంది అని అందరికీ టెన్షన్. ష్వానోమా ఎక్కువగా స్పర్శ నరంలోనే పుడుతుంది, ఆ పోగు ఎప్పుడో పని మానేసి ఉంటుంది, పక్క నరాలు దాని పని అందుకుని ఉంటాయి. కాబట్టి చాలామందికి కొంత మొద్దుదనం తప్ప పెద్ద నష్టం ఉండదు. చేతికి, కాలికి బలం ఇచ్చే ముఖ్యమైన వేర్ల దగ్గర మాత్రం ఆపరేషన్ జరుగుతుండగానే నరాల్ని యంత్రంతో కనిపెట్టి ఉండే న్యూరో మానిటరింగ్ ఉందా అని అడగండి. త్రికాస్థిలో ఒక వైపు వేర్లు పోయినా రెండో వైపువి నిలిస్తే మూత్రం, విరేచనం మీద పట్టు చాలామందికి మిగులుతుంది. రెండు వైపులా పోతే కష్టం. అందుకే అక్కడ కొందరు సర్జన్లు కొంచెం గడ్డ వదిలేసి నరాల్ని కాపాడతారు, అది చేతకాక వదిలేయడం కాదు. వదిలేసింది మళ్ళీ పెరిగే అవకాశం ఉంది, కానీ నెమ్మదిగా. జీవితాంతం ట్యూబుతో మూత్రం పోయడమా, ఏడాదికోసారి స్కానా అని అడిగితే నేను రెండోదే ఎంచుకుంటాను.

ఇక వెన్నుపూసల్ని కలిపి పట్టి ఉంచే రాడ్లు, స్క్రూలు. "గడ్డ తీస్తే చాలు కదా, రాడ్లెందుకు, డబ్బుకోసమేనా?" అని ఎంతోమంది అడుగుతారు. గడ్డని చేరడానికి వెనక కీలు సగానికి మించి తీయాల్సి వచ్చినా, ముందు భాగం ఎముక బాగా పోయినా, రాడ్లు లేకపోతే కొన్నాళ్ళకి ఆ చోట వెన్ను వంగి మళ్ళీ నరం నలుగుతుంది. కాబట్టి రాడ్లు వేయడం తప్పు కాదు, అవసరం లేని చోట వేయడమే తప్పు. "కీలు ఎంత తీస్తారు? తీయకుండా ఒక పక్క నుంచే వెళ్ళే వీలుందా?" అన్న ప్రశ్నకి ఫిల్మ్ మీద వేలు పెట్టి చూపించి చెప్పగల సర్జన్‌ని నమ్మొచ్చు. పెద్ద వయసులో ఎముకలు గుల్లబారి ఉంటే స్క్రూలు సరిగా పట్టవు, అది కూడా అడగాలి. టైటానియం రాడ్లున్నా ఎంఆర్ఐ తీయొచ్చు, కానీ ఆ చోట బొమ్మ మసకబారుతుంది, తర్వాత గడ్డ మళ్ళీ వచ్చిందా అని చూడటం కొంచెం కష్టమవుతుంది.

మరీ పెద్దవి ఉంటాయి. 2001లో చెన్నై న్యూరో సర్జన్లు, బి. రామమూర్తి గారి బృందం, ఈ రకానికి ఒక లెక్క ఇచ్చారు. రెండు వెన్నుపూసల ఎత్తు దాటి, పూస ముందు భాగాన్ని తినేసి కండల్లోకి పాకినవి జెయింట్ ఇన్వేసివ్ ష్వానోమాలు. మీ రిపోర్టులో ఇలాంటి మాట ఉంటే ముందు నుంచీ వెనక నుంచీ రెండు విడతల ఆపరేషన్ కావొచ్చు, కడుపు లేదా ఛాతీ సర్జన్ పక్కన ఉండాలి, రక్తం ఎక్కువ పోకుండా ముందు రోజు గడ్డకి వెళ్ళే రక్తనాళాలు మూసే ఎంబలైజేషన్ చేయొచ్చు. ఒక్క సర్జన్ ఉన్న ఆస్పత్రిలో ఇది చేయించుకోవద్దు.

రిస్కులు దాచకూడదు. వెన్నుపాము చుట్టూ ఉండే నీరు కారడం, ఇన్ఫెక్షన్, కొత్తగా బలహీనత, నొప్పి కొంత మిగలడం, మళ్ళీ పెరగడం. ఆపరేషన్ ముందు కాలు ఎన్నాళ్ళు పడిపోయి ఉంటే తిరిగి రావడం అంత కష్టం, ఇది నేను రోజూ కళ్ళారా చూసేది. ఆపరేషన్ అంటే మంచమే అనే భయం మాత్రం పాతకాలంది, ఇప్పటికి సరిపడదు. రాడ్లు వేసిన చాలామందిని ఒకట్రెండు రోజుల్లోనే లేపి నడిపిస్తారు. మంచం మీంచి నేరుగా లేవకుండా, ముందు ఒక పక్కకి దుంగలా మొత్తం ఒళ్ళు తిప్పి, కాళ్ళు కిందికి జార్చి, చేత్తో నెట్టుకుని లేవడం నేర్పిస్తాం. ఈ ఒక్క అలవాటు ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే ఎవరూ చంకల కింద చేతులేసి లాగరు.

మూడో దారి: రేడియేషన్

సైబర్‌నైఫ్ లాంటి యంత్రాలతో ఒకటి నుంచి ఐదు సిట్టింగుల్లో గడ్డ మీద గురి పెట్టి కిరణాలు ఇస్తారు. కోత లేదు. కానీ గడ్డ మాయమవదు, పెరగడం ఆగుతుంది, ఒక్కోసారి నెమ్మదిగా కుంగుతుంది. మొదట్లో కొంచెం ఉబ్బొచ్చు కూడా. కాబట్టి వెన్నుపాము ఇప్పటికే నలిగి బలం తగ్గుతున్నవాళ్ళకి ఇది సరైన దారి కాదు, వాళ్ళకి ఒత్తిడి తీయడమే కావాలి. తినేసిన ఎముకని కూడా ఇది నిలబెట్టదు. పరీక్షకి ముక్క దొరకదు కాబట్టి పేరు ముందే తేలి ఉండాలి.

ఇది బాగా కుదిరేది ఆపరేషన్‌లో వదిలేసిన ముక్క పెరుగుతున్నప్పుడు, మళ్ళీ వచ్చినప్పుడు, లేదా మత్తు ఇవ్వడానికి ఒళ్ళు సహకరించనప్పుడు. ఎన్ఎఫ్-1 ఉన్న చిన్న వయసువాళ్ళకి రేడియేషన్ అంటే గట్టిగా ఆలోచించాలి, కిరణాల వల్ల ఏళ్ళ తర్వాత క్యాన్సర్ వచ్చే ప్రమాదం వాళ్ళలో ఎక్కువ.

| దారి | ఎవరికి కుదురుతుంది | ఏం దక్కుతుంది | ఏం వదులుకోవాలి |
|---|---|---|---|
| ఆగి చూడటం | బలం బాగుంది, ఎముక గట్టిగా ఉంది | కోత లేదు | క్రమం తప్పని స్కాన్లు, మనసులో భయం |
| గడ్డ మాత్రమే తీయడం | నరం నలుగుతోంది, కీళ్ళు మిగిలాయి | త్వరగా పనిలోకి | తర్వాత వంగుతుందేమో చూసుకోవాలి |
| గడ్డ తీసి రాడ్లు | ఎముక, కీలు పోయాయి | వెన్ను నిలబడుతుంది | ఖర్చు, వంగడం తగ్గడం, మసక స్కాన్ |
| కొంత వదిలి తీయడం | త్రికాస్థి, పెద్ద వయసు | మూత్రం మీద పట్టు | మళ్ళీ పెరిగే అవకాశం |
| రేడియేషన్ | మిగిలిన ముక్క, మత్తు పనికిరానివాళ్ళు | కోత లేకుండా పెరుగుదల ఆగడం | ఒత్తిడి వెంటనే తగ్గదు |

ఎవరికి ఏది

చెట్టెక్కి దింపు తీసేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు, రొయ్యల చెరువుల్లో వలలు లాగేవాళ్ళు ఆపరేషన్‌కి ముందే ఒక మాట ఇంట్లో తేల్చుకోవాలి. రాడ్లు పడితే చెట్టెక్కడం ఇక వద్దనే నేను చెప్తాను. కాబట్టి కీలు మిగిల్చే ఆపరేషన్‌కి వీలుంటే దానికోసం ఇంకో సర్జన్‌ని కలవడం విలువైనదే. వీలు లేకపోతే, ఎముక కూలేదాకా ఆగి కాలు పోగొట్టుకోవడం కంటే పని మార్చుకోవడం నయం. నర్సాపురం వైపు లేసు అల్లేవాళ్ళకి మెడలో గడ్డ అయితే వంగి కూర్చునే గంటలే పెద్ద సమస్య, ఒత్తిడి తీశాక పని తీరు మారిస్తే తిరిగి అల్లుకోగలుగుతారు.

ఇంకా పిల్లలు కావాలనుకునే అమ్మాయికి త్రికాస్థిలో గడ్డ ఉంటే, అక్కడ రేడియేషన్ అనే ముందు అండాశయాలకి ఎంత తగులుతుందో అడగాలి. 70 దాటి, షుగర్ ఉండి, గుండెకి స్టెంటు వేసుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్న పెద్దాయనకి పూర్తిగా తీసేయడమే గెలుపు కాదు, ఒత్తిడి తగ్గేంత తీసి బయటపడటం మంచి లెక్క. ఆ మాత్రలు ఎవరికి వాళ్ళు ఆపేయొద్దు, గుండె డాక్టరు, సర్జన్ మాట్లాడుకుని ఆపాలి.

ఎక్కడ చేయించుకోవాలి

ఎముక పెద్దగా పోని మామూలు గడ్డ అయితే రాజమండ్రి, కాకినాడ, భీమవరం దగ్గర్లోనే వెన్ను గడ్డలు తరచూ చేసే న్యూరో సర్జన్ ఉంటే చాలు. దగ్గర్లో అయితే కుట్లు చూపించడానికీ, నీరు కారితే పరిగెత్తడానికీ వీలు. కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి, విశాఖ కేజీహెచ్ ప్రభుత్వంవి, అక్కడ ఖర్చు భారం తక్కువ.

జెయింట్ రకం, త్రికాస్థి, క్యాన్సర్ అనుమానం అయితే మాత్రం దూరమైనా వెళ్ళండి. హైదరాబాద్ నిమ్స్, మంగళగిరి ఎయిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ, క్యాన్సర్ అని తేలితే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆస్పత్రి. వెల్లూరుకి కాకినాడ నుంచి వచ్చే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ వెల్లూరు పక్కనున్న కాట్పాడి స్టేషన్ మీదుగా వెళ్తుంది, లోయర్ బెర్తు ముందే చూసుకోండి. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు బాగానే దొరుకుతారు. దూరం వెళ్తే తోడు మనిషి, బస, తర్వాత చెకప్‌లకి మళ్ళీ ప్రయాణం, ఇవన్నీ లెక్కలో వేసుకోవాలి. క్యాన్సర్ కాని గడ్డ, బలం బాగున్న మనిషి అయితే రెండో అభిప్రాయానికి కొన్ని వారాలు పట్టినా సాధారణంగా నష్టం లేదు.

మన ఎన్టీఆర్ వైద్యసేవ, అదే అందరూ ఇంకా ఆరోగ్యశ్రీ అనేది, ఆ కౌంటర్‌లో మీ ఆపరేషన్‌కి అనుమతి వస్తుందా, రాడ్ల ఖర్చు అందులోనే కలుస్తుందా అని చేరకముందే అడగండి. పక్క రాష్ట్రాల్లో కొన్ని ఆస్పత్రుల్లోనే అది చెల్లుతుంది. చెల్లకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి ఆపరేషన్‌కి ముందే ఎస్టిమేట్ పెట్టి అడిగే వీలుంది.

వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఎంఆర్ఐ, సీటీ బొమ్మలున్న సీడీ, బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్కని మైనంలో పోసిన బ్లాకులు ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని పట్టుకెళ్ళండి, అవి మీవే. ఆపరేషన్ అయ్యాక కూడా అంతే, తీసిన గడ్డ తాలూకు బ్లాకుల నంబరు డిశ్చార్జి సమ్మరీలో రాయించుకోండి. మొదటి ఎంఆర్ఐ సుమారు మూడు నెలలకి తీస్తారు, తర్వాత వచ్చే స్కాన్లన్నీ దాంతోనే పోల్చి చూస్తారు కాబట్టి ఆ సీడీకి ఇంకో కాపీ చేయించి వేరే చోట పెట్టండి.